రేగడి డొంకకా, కొండరాళ్లకా? ఆఫ్‌రోడ్ టైరు ఎంచుకోవడం ఎలా

ఆఫ్‌రోడ్ టైరు కొనబోయేవాళ్ల కళ్లు ముందు గుబ్బల మీద పడతాయి. గుబ్బ ఎంత లావుంటే అంత పట్టు అనుకుని, వెనక చక్రానికి బండ బటన్ టైరు (పెద్ద గుబ్బల టైరు) వేయించి, ముందు మాత్రం కంపెనీ టైరే ఉంచేస్తారు. తొలకరి పడ్డాక డొంకలో హ్యాండిల్ ఒకవైపు, బండి ఒకవైపు లాగుతుంటే అప్పుడు గుర్తొస్తుంది ముందు టైరు. వెనక చక్రం జారితే బండి కాస్త తోక ఊపుతుంది, సర్దుకోవచ్చు. ముందుది జారిందంటే సర్దుకునే వ్యవధి ఉండదు, మట్టి కరవడమే. డబ్బు ఒక్క టైరుకే సరిపోతుంటే ముందు టైరే మార్చండి. బజారులో దాదాపు అందరూ చేసేది దీనికి తలకిందులు.

రెండో సంగతి, విజయవాడ, గుంటూరు చుట్టూ నేల ఒక తీరున ఉండదు. ఇరవై కిలోమీటర్లకో రంగు మారుతుంది. అందుకే బండి మోడల్ కంటే ముందు మీరు తిరిగే నేల చూసుకోవాలి.

మొదట నెల లెక్క వేయండి

పోయిన నెలలో బండి ఎక్కడెక్కడ తిరిగిందో కాగితం మీద రాయండి, మొహమాటం లేకుండా. బెజవాడ నుంచి కొండపల్లి వైపు మట్టిబాటలకు వెళ్లొస్తే రానుపోను 40 కి.మీ. తారు, మట్టి మీద గట్టిగా 10. గుంటూరు నుంచి సూర్యలంక ఒకవైపే 60 కి.మీ. దరిదాపు, ఇసుకలో తిరిగేది రెండో మూడో. ఆదివారం ఆఫ్‌రోడ్, మిగతా ఆరు రోజులు బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడే బండైతే అది తారు బండే.

టైర్ల మీద 70/30, 50/50 అని చెబుతుంటారు. మొదటి అంకె తారుకు, రెండోది మట్టికి. దీనికి ప్రభుత్వ ప్రమాణం అంటూ ఏమీ లేదు, కంపెనీ తనకు తాను ఇచ్చుకున్న మార్కులు. అంకెను పక్కనబెట్టి టైరునే చూడండి. గడులు (టైరు మీది రబ్బరు దిమ్మెలు) దగ్గరదగ్గరగా ఉండి, మధ్య సందులు చిటికెన వేలు కూడా పట్టనంత సన్నగా ఉంటే (పిరెల్లీ ఎంటీ 60 తరహా) అది తారు వైపు మొగ్గిన టైరు. గడులు విడివిడిగా నిలబడి, సందులో బొటనవేలు దిగితే (కాంటినెంటల్ టీకేసీ 80 తరహా) అది మట్టి వైపుది. మోటోక్రాస్ టైర్లలో గుబ్బలు 14 మి.మీ. పైనే ఉంటాయి. వాటిలో కొన్నింటి మీద హైవేకి పనికిరాదని అచ్చులోనే రాసి ఉంటుంది. వాటిని రోడ్డు బండికి వేయించొద్దు. తడి తారు మీద బ్రేకు పడితే ఆ గుబ్బలు ఒంగిపోతాయి, బండి ఆగదు.

నెలలో మట్టి పాలు నాలుగో వంతు దాటకపోతే 70/30 చాలు. మూడో వంతు దాటితేనో, వానాకాలం కూడా డొంకలు వదలని అలవాటు ఉంటేనో 50/50కి వెళ్లండి. మధ్యేమార్గం కూడా ఉంది: ముందు 50/50, వెనక 70/30. ముందు టైరు నిదానంగా అరుగుతుంది, దిశ నిలబెట్టేదీ అదే. వెనకది ఇంజిన్ లాగుడంతా భరించి త్వరగా అరుగుతుంది కాబట్టి అక్కడ గట్టి రబ్బరు ఉంటే జేబుకి మంచిది. ఈ జోడీ మన ప్రాంతానికి బాగా నప్పుతుంది.

నేలను బట్టి గడులు

నల్లరేగడి. గుంటూరు, పల్నాడు వైపు పొలాల డొంకల్లో సగం ఇదే. వేసవిలో ఇటుకంత గట్టి, ఏ టైరైనా నడుస్తుంది. అప్పుడు చూసుకోవాల్సింది నెర్రెలు. ఎండకు నేల బీటలు వారి మూడు వేళ్లు పట్టేంత సందులు పడతాయి. సన్నటి ముందు టైరు ఆ నెర్రెలో దిగిందంటే అది ఎటు పోతే బండి అటే.

అసలు పరీక్ష వానాకాలంలో. రేగడిలోని బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, జిగురెక్కుతుంది. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి గడుల మధ్య సందులన్నీ పూడి, టైరు నున్నటి నల్ల ఉండలా తయారవుతుంది. ఆ స్థితిలో ఎంత ఖరీదు టైరైనా బోడి టైరుతో సమానం. ఇక్కడ పనికొచ్చేది గుబ్బ ఎత్తు కాదు, గుబ్బల మధ్య ఖాళీ. చక్రం వేగంగా తిరిగినప్పుడు మట్టిని విసిరికొట్టాలి, అందుకు సందు వెడల్పుగా ఉండాలి. బురదలో క్లచ్చు తేలిగ్గా వదిలి చక్రాన్ని ఒక్క క్షణం గిర్రున తిప్పితే వెనక టైరు శుభ్రపడుతుంది. ముందు టైరుకు ఆ అవకాశం లేదు, దాన్ని ఇంజిన్ తిప్పదు కదా. ముందు టైరుకు మరింత ఖాళీ గడులు ఎందుకంటే ఇందుకే.

ఇంకో చిక్కు మడ్‌గార్డ్. టైరుకు ఆనుకున్నట్టుండే కింది మడ్‌గార్డ్ ఉన్న బండి రేగడిలోకి దిగితే, మట్టి టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య గూడు కట్టుకుని చక్రాన్ని పట్టేస్తుంది. వంద మీటర్లు పోకుండానే ముందు చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది. ఇలాంటి బండికి 50/50 టైరు వేసినా దండగ. ముందు మడ్‌గార్డ్ పైకి ఎత్తించండి, తర్వాత టైరు. నిజం చెప్పాలంటే, రేగడిలో పెద్ద వాన పడ్డ రోజు ట్రాక్టరే తిరగనిది మీ బండి తిరగాలనుకోవడం అత్యాశ. ఒకటి రెండు రోజులు ఎండ కాచి పైన పెచ్చు కట్టాక వెళ్లండి, అప్పుడు మామూలు 70/30 కూడా పోతుంది.

ఎర్రమట్టి, గులకరాళ్లు. కొండపల్లి, మైలవరం వైపు ఇది ఎక్కువ. ఎండిన గట్టి నేల మీద వదులు గులక పరిచినట్టుంటుంది. పెద్ద గుబ్బలు ఇక్కడ నష్టమే, గోళీల మీద చెప్పులేసుకుని నడిచినట్టు. మధ్యలో దగ్గర గడులు, అంచుల్లో విడి గడులు ఉన్న టైరు బాగా పట్టుకుంటుంది. మలుపులో బండి వాలినప్పుడు పనిచేసేవి ఆ అంచు గడులే. ఒక మాట: కొండపల్లి కొండల్లో చాలా భాగం రిజర్వ్ ఫారెస్టు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి బండి దింపితే టైరు సంగతి తర్వాత, కేసు సంగతి చూసుకోవాల్సి వస్తుంది.

సున్నపురాయి. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల దారుల్లో క్వారీల దగ్గర నాపరాయి పెచ్చులు కత్తి అంచుల్లా లేచి ఉంటాయి. ఇక్కడ గడుల కంటే టైరు పక్కగోడ ముఖ్యం. సైజులో 90/90-21 అని మధ్యలో గీత ఉంటే అది అడ్డదిడ్డంగా పొరలు అల్లిన బయాస్ టైరు. గీత బదులు ఆర్ అక్షరం ఉంటే రేడియల్. ఒకే తరగతిలో బయాస్ పక్కగోడ మందంగా, మొండిగా ఉంటుంది. రేడియల్ హైవే మీద హాయి, రాతి అంచుకు పక్కగోడ చీలితే మాత్రం పారేయడమే. పక్కగోడకు పంక్చర్ వేయరు, వేస్తామన్నా వద్దనండి.

కృష్ణ ఇసుక, సముద్రపు ఇసుక. ఇక్కడ టైరు బొమ్మ పాత్ర తక్కువ, గాలి పాత్ర ఎక్కువ. దాని గురించి కిందికి వచ్చాక.

టైరు మీద రాసింది చదవడం

ఉన్న టైరు పక్కగోడ తుడిచి అంకెలు ఫోటో తీసుకోండి. ఉదాహరణకు 90/90-21 54ఎస్. మొదటి 90 వెడల్పు మిల్లీమీటర్లలో. రెండో 90 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, 81 మి.మీ. 21 రిమ్ము అంగుళాలు. 54 మోయగలిగే బరువుకు సంకేతం, 212 కిలోలు. ఎస్ అంటే గంటకు 180 కి.మీ. దాకా. ఆఫ్‌రోడ్ టైర్ల మీద పీ (150), క్యూ (160) తరచు కనిపిస్తాయి. 200 సీసీ బండికి ఇబ్బంది లేదు. బరువు సంకేతం మాత్రం కంపెనీది ఎంతో అంతకు తగ్గకూడదు. వెనక సీటులో మనిషి, సామాను ఉండే బండికి ఇది మరీ ముఖ్యం.

హీరో ఎక్స్‌పల్స్ 200 4వీకి ముందు 90/90-21, వెనక 120/80-18. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కి ముందు అదే, వెనక 120/90-17. హిమాలయన్ 450కి వెనక 140/80-17 రేడియల్. స్ప్లెండర్ రకం బండికి రెండువైపులా 80/100-18. పొలానికి తిరిగే స్ప్లెండర్‌కు కంపెనీ సైజులోనే గడుల టైరు వేస్తే చాలు, లావు టైరు ఆశ వద్దు. సన్నటి రిమ్ముకు లావు టైరు ఎక్కిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి నడుమ గూనిలా లేస్తుంది. నేలకు ఆనేది ఇంకా తగ్గుతుంది.

సైజు మార్చాలనిపిస్తే చుట్టు ఎత్తు లెక్క కట్టండి. 120/80-18 ఎత్తు 649 మి.మీ. అదే 120/90-18 అయితే 673. తేడా పాతిక మిల్లీమీటర్ల దరిదాపే కదా అనిపిస్తుంది, కానీ గేరింగ్ బరువెక్కుతుంది, అంటే బండి లాగుడు మందగిస్తుంది. రెండు చక్రాలకూ ఏబీఎస్ (బ్రేకు పడ్డప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో ముందువెనకల వేగం పోల్చే లెక్క కూడా తేడా పడుతుంది. అందుకే కంపెనీ సైజు వదలకుండా గడులు మాత్రం మార్చడం మేలు.

సందు కొలవండి

ఒకే సైజు రాసి ఉన్నా బటన్ టైరు అంచు గుబ్బలు బయటికి పొడుచుకొస్తాయి, రోడ్డు టైరు కంటే కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ ఆక్రమిస్తాయి. సెంటర్ స్టాండ్ వేసి, అది లేని బండైతే ఎవరినైనా పట్టుకోమని, వెనక చక్రాన్ని తిప్పుతూ మూడు చోట్ల చూడండి: ఛెయిన్ పక్కన, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) ముందు అడ్డకమ్మీ దగ్గర, లోపలి మడ్‌గార్డ్ దగ్గర. పాత టైరుకు ప్రతిచోటా 15 మి.మీ. పైన సందు ఉంటే కొత్తది తగిలించినా కనీసం 8–10 మిగులుతుంది. అంతకన్నా తక్కువైతే రేగడి అక్కడే ఇరుక్కుంటుంది. ఛెయిన్ బిగించినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, కొత్త ఛెయిన్ వేస్తే ముందుకొస్తుంది. కొలత చక్రం బాగా ముందుకున్నప్పుడు తీసుకోవాలి.

ట్యూబు, ముళ్లు

స్పోక్స్ రిమ్ములకు మామూలుగా ట్యూబు ఉండాల్సిందే. టైరు మీద టీఎల్ (ట్యూబ్‌లెస్) అని ఉన్నా లోపల ట్యూబు వేసి వాడొచ్చు. టీటీ (ట్యూబ్ టైప్) అని రాసిన టైరును ట్యూబు లేకుండా వాడకూడదు.

మన కాలువ గట్ల మీద పంక్చర్లకు రాళ్ల కంటే పెద్ద కారణం సర్కారు తుమ్మ. కంప నరికి గట్టు మీదే పడేస్తారు. ఎండిన ముల్లు మేకులాంటిదే, గడుల సందులోంచి నేరుగా లోపలికి దిగుతుంది. పైన ముల్లు విరిగిపోయి మొన లోపలే మిగులుతుంది. ట్యూబుకు ప్యాచీ వేసి అలాగే బిగిస్తే అరకిలోమీటరులో మళ్లీ అదే చోట దిగుతుంది. టైరు లోపలి వైపంతా పాత బనియన్ గుడ్డతో చుట్టూ తుడవండి. ముల్లు మొన ఉన్నచోట గుడ్డ పోగు లాగుతుంది. అక్కడ కటింగ్ ప్లేయర్‌తో పట్టి పీకేయాలి. చేత్తో తడమొద్దు, వేలికి దిగుతుంది. ట్యూబులో సీలెంట్ పోస్తే సన్నముల్లు రంధ్రాలు మూసుకుంటాయి, చీలికలకు పనిచేయదు.

బండి రాయికి గుద్దుకున్నప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి, పాము కాటులా. ఆ రెండు గాట్లు కనబడితే ముల్లు కోసం వెతకొద్దు, తప్పు గాలి తక్కువ పెట్టిన మీదే. మందం ట్యూబు (3–4 మి.మీ.) దీన్ని బాగా తగ్గిస్తుంది. బరువెక్కుతుంది, హైవే మీద వేడెక్కుతుంది, కనుక రాళ్ల దారులు ఎక్కువున్నవాళ్లే పెట్టుకోండి.

షాపులో

ఆటోనగర్‌లోనో గుంటూరు టైర్ల షాపుల్లోనో అడగ్గానే "ఫ్రెష్ స్టాకే అన్నా" అంటారు. మీరు పక్కగోడ మీద చుట్టూ చిన్న గీత గీసిన చోట ఉన్న నాలుగు అంకెలు చూడండి. 2324 ఉంటే 2024లో 23వ వారం తయారైంది. ఏడాది లోపుదైతే తీసుకోండి. రెండేళ్లు దాటినదైతే తగ్గింపు ఇస్తామన్నా వద్దు. మే నెల ఎండలో రేకుల షెడ్డులో రెండు వేసవులు ఉన్న రబ్బరు గట్టిపడుతుంది, గడుల మొదట్లో వెంట్రుకంత సన్న పగుళ్లు వస్తాయి. గడిని పక్కకు వంచి మొదలు చూస్తే తెలిసిపోతుంది.

ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో చూడండి. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని పరిమితుల జాబితాలో పెట్టింది. అప్పటి నుంచి విదేశీ టైర్లకు ఒక సైజు దొరికితే రెండోది దొరకదు. ముందు, వెనక రెండూ చేతికొచ్చాకే పాతవి విప్పించండి.

బిగింపు

పక్కగోడ మీద తిరిగే దిశకు బాణం ఉంటుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ వేర్వేరు బాణాలుంటాయి కొన్నింటికి, రెండూ చదివి బిగించమనండి. ట్యూబు ఎక్కించే ముందు టాల్కమ్ పౌడర్ చల్లాలి, మడతలు పోయేంత కొద్దిగా గాలి పట్టించాలి. లివర్లతో ఎక్కించేటప్పుడు చివరి జానెడు మొరాయిస్తుంది. అక్కడ బలం పెడితేనే లివర్ ట్యూబును కొరుకుతుంది. ఎదురువైపు టైరు అంచును మోకాలితో రిమ్ము నడిమి గుంటలోకి నొక్కితే ఆ జానెడు చేత్తోనే ఎక్కుతుంది.

గాలి పట్టాక రిమ్ము అంచు పక్కన టైరు మీద సన్నటి చుట్టుగీత ఉంటుంది. రిమ్ముకూ ఆ గీతకూ దూరం చుట్టూ సమానంగా ఉందేమో చూడండి. ఒకచోట గీత లోపలికి దిగి ఉంటే గాలి తీసి, సబ్బునీళ్లు రాసి, మళ్లీ పట్టించాలి. టైరు మీద రాసిన గరిష్ఠ ప్రెజర్ దాటొద్దు.

వాల్వు నట్టును రిమ్ముకు బిగించే అలవాటు మాన్పించండి, డస్ట్ క్యాప్ వైపు పైకి తిప్పి ఉంచండి. తక్కువ గాలిలో టైరు రిమ్ము మీద జారితే వాల్వు ఒరుగుతుంది, మీకు తెలుస్తుంది. నట్టు బిగించి ఉంటే అది ఒరగదు, మొదట్లో తెగుతుంది.

కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. మొదటి 100–150 కి.మీ. గట్టి బ్రేకు, లోతు వాలు వద్దు.

గాలి

తారు మీద కంపెనీ చెప్పిన ప్రెజరే, చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. మట్టి దారికి దిగే ముందు తగ్గించాలి. ట్యూబు టైరు, 150–200 కిలోల బండి అయితే ఎర్రమట్టికి ముందు 20, వెనక 22 పీఎస్‌ఐ. నాపరాళ్లకు రెండు పీఎస్‌ఐ పెంచండి, తగ్గించొద్దు. ఇసుకకు 15–16 దాకా, అది కూడా రిమ్ లాక్ (టైరు జారకుండా రిమ్ముకు అదిమి పట్టే బిగింపు) ఉంటేనే. అది లేకుండా 18 కిందికి వెళ్తే టైరు రిమ్ము మీద తిరిగి వాల్వు తెంపుతుంది.

పొద్దున్నే నింపిన 25, మధ్యాహ్నం ఎన్‌హెచ్-16 మీద వేడెక్కి 29 దాకా చూపిస్తుంది. పెరిగిందని తీసేయొద్దు, సాయంత్రం చల్లారాక 21కి పడిపోతుంది. పెన్ను సైజు ప్రెజర్ గేజీ, చేతిపంపు బండిలోనే ఉంచుకోండి. మట్టిలో గాలి దింపి, తిరిగి కొట్టకుండా హైవే ఎక్కినవాళ్ల టైర్లే వేడికి గడులు ఊడి కనిపిస్తాయి.

ఎప్పుడు మార్చాలి

చట్టం ప్రకారం ద్విచక్ర వాహనం టైరుకు కనీస గాడి లోతు 0.8 మి.మీ. అది తారు లెక్క. మట్టిలో తిరిగే టైరు గడి సగం అరిగితేనే పని అయిపోయినట్టు. రేగడిలో అది మట్టిని విసరలేదు. మండే ఎండలో హైవే మీద 80 దాటి పరుగెత్తించే బటన్ టైరు వెనకది చాలాసార్లు 5–6 వేల కి.మీ.కే నడుమ చదునవుతుంది. 70/30 అయితే రెట్టింపు వస్తుంది. ముందు టైరు గడులు ఒకవైపు నునుపు, ఒకవైపు పదునుగా రంపంలా అరుగుతుంటే బ్రేకు ప్రభావం అది. హ్యాండిల్‌లో గుర్రుమనే చప్పుడు మొదలవుతుంది. బాణం గుర్తు లేని టైరైతే విప్పి తిప్పి బిగిస్తే మరో రెండు వేల కి.మీ. లాగొచ్చు. బాణం ఉంటే ఆ పని చేయొద్దు.